వంతెన ఎక్కని ఉద్యోగి

జిల్లా కొబ్బరి పీచు ప్రమాణాల శాఖలో కారుకు సర్వీసు రిజిస్టరు తెరిచిన రోజున అందులో వింతేమిటో ఎవరికీ తట్టలేదు. డ్రైవరు ఏసుపాదానికీ తట్టలేదు. పైగా సాక్షి సంతకం తనచేతే పెట్టించటంతో అతనికి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

కొబ్బరి పీచు ఎంత పొడవుండాలో, ఎంత గరుకుండాలో చూడటానికి పుట్టిన ఆ శాఖకు ఏళ్ల తరబడి కారు లేదు. చివరికి ఇంకో శాఖవాళ్లు ఏడేళ్లు వాడి, విసిగి, వదిలించుకున్న తెల్ల డీజిల్ కారు ఒకటి వీళ్లకు దఖలు పడింది. వాహనాల సంగతి చూడాల్సింది స్టోర్స్ సెక్షను. ఆ సెక్షన్ని రెండేళ్ల కిందటే పొదుపు పేరు చెప్పి ఎత్తేశారు. అందులో మిగిలిన పనిని, రెండు బీరువాలతో సహా, సిబ్బంది వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో కలిపేశారు. ఆ సెక్షను సూపరింటెండెంటు సర్వమంగళ గారు ఇరవై తొమ్మిదేళ్లుగా చదివిన నిబంధనలన్నీ ఉద్యోగులకు సంబంధించినవే. ఆవిడ మంచి మనిషి, నిబంధన దాటని మనిషి. బీరువాలు వచ్చిన రోజున వాటి చేత కూడా జాయినింగ్ రిపోర్టు ఇప్పించుకున్నారు.

కారు వంతు వచ్చింది. పేరు దగ్గర నంబరు రాశారు. పుట్టిన తేదీ దగ్గర అది ఫ్యాక్టరీ గుమ్మం దాటిన తేదీ రాశారు. తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరు వచ్చింది. గుర్తింపు చిహ్నాలు రెండు కావాలన్నారు. కుడి తలుపు మీద జానెడు గీత ఒకటి, వెనక బంపరుకు సొట్ట ఒకటి దొరికాయి. మాతృభాష దగ్గర ఆవిడ కలం ఆపి, ఏసుపాదం చేత రెండుసార్లు హారను కొట్టించి, శ్రద్ధగా విని, 'నిర్ధారించవలసి ఉన్నది' అని రాసుకున్నారు.

ఏసుపాదానికి యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టినవాడు, ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించనివాడు. అతనిది ఔట్‌సోర్సింగు ఉద్యోగం. నియామక పత్రంలో అసలు సంగతంతా ఒక్క వాక్యంలో ఉంది: 'సదరు వాహనము సేవలో కొనసాగునంతవరకు మాత్రమే.' కారుంటే తనుంటాడు, కారు పోతే తనూ పోతాడు. ఈ వయసులో ఇంకో స్టీరింగు దొరకటం కల్ల అని అతనికి తెలుసు. అందుకే కారు తుడవటానికి కూడా మెత్తటి గుడ్డ ఏరి తెచ్చుకునేవాడు.

మొదటి వారం అంతా బాగానే గడిచింది. ఆ ఊరు డెల్టాలో అరచేతిలా చదునుగా ఉంటుంది. ఎత్తంటూ ఉన్నది ఒక్కటే, గోదావరి పాయ మీది వంతెన. రెండో వారం సోమవారం డిప్యూటీ డైరెక్టరు చయనులు గారిని వెనక కూర్చోబెట్టుకుని ఏసుపాదం ఆ వంతెన ఎక్కించబోయాడు. సగం ఎక్కిందో లేదో, ముందు వైపు నుంచి 'ఉస్స్' మని ఒక నిట్టూర్పు వినిపించింది. పసుప్పచ్చ దీపం వెలిగింది. కారు నీరసించిపోయి, పక్కనుంచి పోతున్న కొబ్బరికాయల రిక్షా కంటే వెనకబడింది.

చయనులు గారు ఇంట్లో కాఫీ అడగాలన్నా గెజిట్ భాషలోనే అడిగే మనిషి.

"ఏసుపాదం, వాహన గమనమునందు అకస్మాత్తుగా మాంద్యము సంభవించినట్లు గమనిస్తున్నాను" అన్నారాయన.

"ఆయ్, లాగటం లేదండి" అన్నాడు ఏసుపాదం.

పక్కకు తీసి, ఇంజను ఆపి, మళ్లీ స్టార్టు చేశాడు. దీపం ఆరిపోయింది. కారు ఏమీ ఎరగనట్టు లేడిలా పరుగెత్తింది. గురువారం మళ్లీ అదే వంతెన, అదే చోటు, అదే నిట్టూర్పు. శనివారం మూడోసారి.

ఏసుపాదం కారును కాలవగట్టు మీద షెడ్డు ఉన్న జిలానీ దగ్గరికి తీసుకెళ్లాడు. జిలానీ పాతికేళ్లుగా డీజిల్ బళ్ల కింద పడుకుంటున్నవాడు. పాత కాగితాలు చూసి నవ్వాడు. ముందున్న శాఖవాళ్లు ఈ జబ్బుకే రెండుసార్లు టర్బో మొత్తం మార్పించారు.

"టర్బో అంటే ఏంటి బాబాయ్, ఇంజన్లోకి గాలి కూరే పంకా. పంకా బాగానే తిరుగుతంది. కూరిన గాలి దార్లో ఎక్కడో పోతంది" అన్నాడు.

పక్కన పంక్చరు షాపు నుంచి గాలి పైపు లాగి, ఇంజనుకు గాలి వెళ్లే దారిలో పెట్టి, గొట్టాల మీద సబ్బునీళ్లు కొట్టాడు. ఇద్దరూ వంగి చూస్తున్నారు. కాసేపటికి ఒక లావుపాటి రబ్బరు గొట్టం కింది భాగాన, దాన్ని బిగించి పట్టుకునే క్లాంపు పక్కన, బుడగలు లేచాయి. వేలితో తడిమితే వేలెడంత చీలిక తగిలింది. మామూలుగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. ఎత్తెక్కేటప్పుడు గాలి ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తుంది.

"ఇంతేనా?" అన్నాడు ఏసుపాదం.

"ఇంతే బాబాయ్. గొట్టం మారిస్తే కొండైనా ఎక్కుద్ది."

ఏసుపాదం ఆ సంతోషంలో రెండు మెట్లు ఒకేసారి ఎక్కుతూ సర్వమంగళ గారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు.

"నీ మాట నమ్మనని కాదు ఏసుపాదం. కానీ ఉద్యోగికి ఒంట్లో బాలేకపోతే ఏం చేస్తాం? ముందు సెలవు పెట్టిస్తాం."

"ఇది జబ్బు కాదండి మేడంగారూ. గొట్టం చిరిగిందండి."

"జబ్బు అవునో కాదో చెప్పాల్సింది డాక్టరు. నువ్వూ, ఆ జిలానీ ఎవరు? దాని తాలూకు బంధువులు, స్నేహితులు. మీ అభిప్రాయం ఫైలులో పెట్టటానికి లేదు. అనుమతి లేని వైద్యం చేయిస్తే తర్వాత రీయింబర్స్‌మెంటు కూడా రాదు."

కారుకు సెలవు చీటీ రాయించారు. ఏసుపాదం రోజూ పదిన్నరకు వచ్చి కారు తరపున హాజరుపట్టీలో 'సె' అని రాయాల్సి వచ్చింది. పదిరోజులయ్యాక సెలవు నిల్వ చూడబోతే, పాత శాఖవాళ్లు లెక్క పంపలేదని, కాబట్టి సెలవు పొడిగించటానికి లేదని తేలింది. ఇక మిగిలింది మెడికల్ బోర్డు. సర్వమంగళ గారు పెద్దాసుపత్రికి లేఖ రాశారు. 'సదరు ఉద్యోగికి ఎత్తు ప్రదేశములు ఎక్కునప్పుడు ఊపిరి అందకపోవుట' అని అందులో ఉంది. ఉద్యోగి తాలూకు వయసు, బరువు తెలపవలసిందిగా ఆసుపత్రి నుంచి జవాబు వచ్చింది. ఏడేళ్లు అనీ, పదమూడు వందల కిలోలు అనీ వీళ్లు రాశారు. అంత బరువు మీద ఊపిరి అందకపోవటం సహజమేనని ఆసుపత్రివాళ్లు కూడా అనుకున్నారు కాబోలు, వెంటనే తేదీ ఇచ్చారు.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. వాళ్లు పోర్టికోలోకి వచ్చి రోగిని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయితే చేతిలో ఉన్న ప్రొఫార్మాలో 'రోగి మనిషియేనా' అన్న గడి లేదు. లేని గడిని నింపటం వాళ్ల పరిధిలోది కాదు. కళ్ల డాక్టరు లైట్లు వేయించి చూసి, ఎడమ కంట్లో కాస్త మసక ఉందన్నాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు హారను కొట్టించి, గొంతు స్పష్టంగా ఉందని రాశాడు. ఊపిరితిత్తుల డాక్టరు ఇంజను స్టార్టు చేయించి, బానెట్టు మీద స్టెతస్కోపు నాలుగు చోట్ల ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"శ్వాస క్రమంగానే ఉంది" అన్నాడు.

"ఇక్కడ బాగానే ఉంటదండి. ఒక్కసారి బ్రిడ్జి ఎక్కించి చూడండి డాక్టరుగారూ, మీకే తెలుస్తది" అని ఏసుపాదం బతిమాలాడు.

"పరీక్ష జరగాల్సిన స్థలం ఆసుపత్రి ఆవరణ. రోగి ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లటానికి మేం బంధువులమా?" అన్నాడు డాక్టరు.

ఆరోగ్యంగా ఉన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు. కారు మర్నాడే విధుల్లో చేరింది. ఆ మర్నాడు వంతెన మీద మళ్లీ నీరసించింది.

దీంతో వ్యవహారం మలుపు తిరిగింది. జబ్బు లేదని ముగ్గురు డాక్టర్లు సంతకాలు పెట్టాక కూడా ఆగటమంటే, అది జబ్బు కాదు, నడవడి. చయనులు గారు అలా రాసిన నోటు మీద సంతకం చేస్తూ, "క్రమశిక్షణారాహిత్యము మొగ్గలోనే తుంచబడవలెను" అన్నారు. మర్నాటికల్లా మెమో తయారైంది.

'ఇందుమూలముగా సదరు ఉద్యోగికి తెలియజేయునది ఏమనగా, తాము ఉన్నతాధికారిని వెనుక కూర్చుండబెట్టుకొని, వంతెన మధ్యభాగమున, తగిన కారణము లేకుండ, నాలుగు పర్యాయములు విధి నిర్వహణను నిలిపివేసియున్నారు. తమపై చర్య ఏల తీసుకొనరాదో పది దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను.'

మెమోను వైపరు కింద పెట్టారు. అందినట్టు సంతకం కావాలి. సంతకం చేయలేనివాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకుంటారు కాబట్టి, స్టాంపు ప్యాడు సిరా అంతా టైరుకు పూసి, కాగితం మీంచి కారును బెత్తెడు నడిపించారు. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. మగవాళ్లకు ఎడమ బొటనవేలు, ఆడవాళ్లకు కుడి బొటనవేలు తీసుకోవాలి. సర్వీసు రిజిస్టరులో ఆడా మగా అన్న గడి ఖాళీగా ఉంది. సర్వమంగళ గారు ఆలోచించి, ఎందుకైనా మంచిదని రెండు ముందు టైర్ల ముద్రలూ తీయించారు.

ఏసుపాదం ఇంటి దగ్గర కూర్చుని, కూతురి చేత తప్పుల్లేకుండా రాయించి, కారు తరపున సంజాయిషీ సమర్పించాడు. గొట్టం ఎక్కడ చిరిగిందో బొమ్మ కూడా గీశాడు. సంజాయిషీ తిరిగొచ్చింది. నిందితుడి తరపున మాట్లాడే సహాయకుడు శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి, ఔట్‌సోర్సింగు వాళ్లకు ఆ అర్హత లేదు. పది రోజులు గడిచాయి. కారు నోరు విప్పలేదు. సర్వీసు నుంచి తొలగించటానికి ఫైలు నడవటం మొదలైంది.

ఆ ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జరిగినప్పుడల్లా ఏసుపాదం గుండె ఒక మెట్టు కిందికి జారేది. కారు వెళ్లిపోయిన మర్నాడు తనకు ఏం కాగితం వస్తుందో అతనికి అక్షరం అక్షరం తెలుసు. ఆదివారం నాడు చర్చి నుంచి తిన్నగా జిలానీ షెడ్డుకు వెళ్లాడు.

"ఎవడి అనుమతి అక్కర్లేదు. మార్చెయ్" అన్నాడు.

జిలానీ అరగంటలో కొత్త గొట్టం బిగించాడు. ఇద్దరూ వంతెన మీదికి పోయారు. కారు నాలుగో గేరులో, ఏసీ వేసుకుని, చిన్న నిట్టూర్పైనా లేకుండా ఎక్కి దిగింది. వెనక్కి తిరిగి మళ్లీ ఎక్కింది. ఏసుపాదం ఏడుసార్లు ఎక్కించాడు. అవతల చివర ముంజికాయలు అమ్ముకునే మనిషి వీళ్లకేదో పోయిందనుకుని, "ఏం పారేసుకున్నారండి?" అని కూడా అడిగాడు. ఏసుపాదానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సోమవారం పొద్దున్నే సర్వమంగళ గారి బల్ల ముందు నిలబడి జరిగినదంతా చెప్పేశాడు.

"అంటే ఎక్కగలదన్నమాట" అన్నారావిడ.

"ఆయ్, భేషుగ్గా ఎక్కుద్దండి."

ఆవిడ కళ్లజోడు తీసి, పాపం అన్నట్టు అతనికేసి చూశారు.

"ఎంత పని చేశావు ఏసుపాదం. గొట్టం మార్చినట్టు రికార్డులో ఎక్కడా లేదు. నేను ఎక్కించటానికీ లేదు, ఆ వైద్యానికి అనుమతి లేదు కనక. జబ్బు లేదని బోర్డు రాసింది. ఇప్పుడు వైద్యం లేకుండానే ఎక్కింది. అంటే జబ్బు లేనట్టే కదా. జబ్బు లేకుండా నాలుగుసార్లు ఆగిందంటే, అది కావాలని ఆగినట్టే కదా. ఇన్నాళ్లూ నాకు దాని మీద ఏ మూలో జాలి ఉండేది."

"ఇప్పుడు బాగానే ఉంది కదండీ. పని చేయించుకోవచ్చు కదండీ."

"నటించి పట్టుబడినవాణ్ణి పని బాగా చేస్తున్నాడని వదిలేస్తామా?"

"మరి నేనూ పోతానాండి?"

"నీ పత్రంలో అలాగే ఉంది కదా నాయనా." ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత ఒక లావుపాటి పుస్తకం తీసి, తడి వేలితో పేజీలు తిప్పి, ఒక చోట ఆగారు. "ఒక్క దారుంది. తొలగించే ముందు అప్పీలు అధికారి ప్రత్యక్షంగా విచారణ జరపొచ్చు. డిప్యూటీ డైరెక్టరు గారూ, డాక్టరు గారూ, నేనూ కూర్చుంటాం. వంతెన మీదికే తీసుకెళ్దాం. మా ఎదుట ఆగిందా, జబ్బు నిజమని రాసుకుని తేలికపాటి విధులకు మారుస్తాం. ఎక్కిందా, ఇంక నేను కూడా ఏం చెయ్యలేను. బుధవారం పదకొండింటికి."

ఏసుపాదం మెట్లు దిగి కారు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత జిలానీ షెడ్డుకు పోయి సంగతి చెప్పాడు. జిలానీ చేతిలో ఉన్న పానా కింద పెట్టేశాడు.

"బాగున్న గొట్టాన్ని నా చేత్తో నేను కొయ్యను బాబాయ్. ఎక్కడ కొయ్యాలో చెప్తాను. నువ్వు కోసుకో."

కింది వైపు, క్లాంపు పక్కన, వేలెడు. ఏసుపాదం బ్లేడు పట్టుకుని బానెట్టు కింద తలదూర్చాడు. ఇరవై రెండేళ్లలో బండికి ఒక్క గీత పడితే అన్నం సయించని మనిషి. కొత్త రబ్బరు గట్టిగా ఉంది, ఒక పట్టాన తెగలేదు. కోస్తున్నంతసేపూ, ఎవరో బంధువుకు విషం కలుపుతున్నట్టే అనిపించి, చాలా సిగ్గుపడ్డాడు.

బుధవారం పదకొండింటికి కారు బయల్దేరింది. ముందు సీట్లో చయనులు గారు, వెనక సర్వమంగళ గారూ ఊపిరితిత్తుల డాక్టరూ, వాళ్లిద్దరి మధ్య ఫైలు. వంతెన మొదలైంది. పావు వంతు ఎక్కింది. మూడో వంతు ఎక్కింది. కోత సరిపోలేదేమోనని ఏసుపాదం యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కాడు. సగానికి వచ్చేసరికి 'ఉస్స్' మంది. పసుప్పచ్చ దీపం వెలిగింది. కారు నత్తనడకకు దిగింది.

కారులో అందరి మొహాలూ వికసించాయి.

"వ్యాధి ప్రత్యక్షముగా నిరూపితమైనది" అన్నారు చయనులు గారు. దిగి, కారు చుట్టూ తిరిగి, బానెట్టు మీద ఆప్యాయంగా రెండుసార్లు తట్టారు. డాక్టరు వంతెన మధ్యలోనే స్టెతస్కోపు పెట్టి విని, ఇంత స్పష్టమైన ఆయాసం తన సర్వీసులో వినలేదన్నాడు. సర్వమంగళ గారు పైట చెంగుతో కళ్లు ఒత్తుకుని, "దీన్ని ఎన్ని మాటలన్నాం" అన్నారు. వెనక బళ్లన్నీ నిలిచిపోయి, ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "పెళ్లిచూపులైతే ఇంటికాడ పెట్టుకోండి బాబూ" అని అరిచాడు. విచారణకు అంతరాయం కలిగించినట్టు అతని లారీ నంబరు కూడా రాసుకున్నారు.

శుక్రవారం ఉత్తర్వులు వచ్చాయి. సదరు ఉద్యోగిపై అభియోగములన్నియు ఉపసంహరించడమైనది. తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి దృష్ట్యా శాశ్వతముగా తేలికపాటి విధులకు మార్చడమైనది. ఇకపై ఎత్తు ఎక్కరాదు, దూరము పోరాదు, మనుషులను మోయరాదు, అనవసరముగా ఇంజను స్టార్టు చేసి అలసట కలిగించరాదు. కార్యాలయ పోర్టికోలో నీడపట్టున నిలిచియుండుటయే విధిగా పరిగణించబడును. రోగికి తోడుగా ఒక సహాయకుడి పోస్టు మంజూరు చేయడమైనది. అట్టి పోస్టునందు శ్రీ ఏసుపాదమును, వ్యాధి కొనసాగునంతకాలము, క్రమబద్ధీకరించడమైనది.

ఔట్‌సోర్సింగు మనిషి రెగ్యులరు కావటం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. అందరూ వచ్చి చెయ్యి కలిపారు. సర్వమంగళ గారు అతనికి ఒక స్టూలు ఇప్పించి, కారు ఎడమ పక్కన వేయించి, "నిబంధనల్ని నమ్ముకున్నవాడు చెడిపోడు" అన్నారు. చయనులు గారు చేయెత్తి ఒక ఆటోను ఆపి, "వంతెన అవతలి ప్రాంతమునకు పోవలెను" అన్నారు. ఆటోవాడికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఏసుపాదం ఇంటికి వచ్చి, గోడకు చేరబడి కూర్చున్నాడు. భార్య సలోమి ఉత్తర్వు కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని విని, మడత పెట్టి, బియ్యం డబ్బా కింద భద్రంగా దాచింది. వీధిలో నలుగురికీ చెప్పి వచ్చింది. వచ్చేసరికి మొగుడు అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఉద్యోగం గట్టిపడ్డట్టే కదయ్యా?" అంది.

"గట్టిపడ్డట్టే."

"ఎవరూ తియ్యలేరు కదా?"

"బండి బాగుపడకుండా ఉంటే ఎవరూ తియ్యలేరు."

"మరి అలా కూర్చున్నావేంటి?"

ఏసుపాదం చేతులు చూసుకున్నాడు. పొద్దుట్నుంచి స్టీరింగు ముట్టకపోవటంతో అవి శుభ్రంగా ఉన్నాయి.

"రోజూ పొద్దున్నే లేచి, ప్రభువా, నా బండికి ఏం కాకుండా చూడు అని ప్రార్థన చేసుకుని వెళ్లేవాణ్ణే, సలోమీ" అన్నాడు. "రేపట్నుంచి ఏమని చేసుకోవాలో తెలియటం లేదు."